రిజిస్టరులో పేరు చేరిన తరువాత

కొన్ని వారాల క్రిందట మా కేంద్రానికి ఒక ఉత్తరం వచ్చింది. గోదావరి ప్రాంతంలో ఒక చిన్న పట్టణపు ఆస్పత్రిలో పనిచేస్తున్న నర్సు వ్రాసిన ఉత్తరమది. ఆమె మూడేండ్ల నర్సింగు డిప్లొమా చదివి, పరీక్ష నెగ్గి, రాష్ట్ర నర్సింగు కౌన్సిలు రిజిస్టరులో పేరు నమోదు చేయించుకొని, రెండేండ్లుగా ఉద్యోగం చేస్తున్నది. ఇంకా చదువుకోవాలని ఆమె కోరిక. తండ్రిగారు మాత్రం, "ఉద్యోగం చేతికి వచ్చిన తరువాత మళ్లీ పలక పట్టుకుంటావా తల్లీ? సూది వేయడానికి ఇంకెంత చదువు కావాలి?" అని అడుగుతున్నారట. "ఆ ప్రశ్నకు సరియైన జవాబు తోచక ఊరుకున్నాను. మా నాన్నగారు రేడియో ప్రసంగాలు తప్పకుండా వింటారు. దయచేసి మీరే చెప్పండి" అని ఆమె ఉత్తరం ముగించింది.

ఆ తండ్రిగారి ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయను. మన ఇండ్లలో ఆడపిల్ల చదువు కోసం ఇంటిల్లిపాదీ ఖర్చులు తగ్గించుకొని డబ్బు కూర్చుతారు. ఆ చదువు ఉద్యోగమై ఫలించిననాడు, ఇక చాలుననుకోవడం దోషం కాదు. అయితే ఆయన ప్రశ్నలో ఒక పొరపాటు ఇమిడి ఉన్నది. నర్సు పని అంటే సూది వేయడమేనని, రిజిస్టరులో పేరు చేరడంతోనే ఆమె విద్య పూర్తి అయినదని ఆయన భావిస్తున్నారు. ఇది ఆయన ఒక్కరి భావమే కాదు. మనలో చాలామంది భావం. అందుచేత ఈనాటి మాటలు ఆ ఒక్క ఇంటికే కాక, నర్సు చదువు చదివిన కూతురో, కోడలో, చెల్లెలో ఉన్న ప్రతి ఇంటికీ చెందుతవి. నేడు ఈ వృత్తిలో కుమారులు కూడా ఉన్నారు. వారికీ ఇవే మాటలు వర్తిస్తవి.

మొదట రిజిస్టరు సంగతి చూద్దాం. మనదేశంలో నర్సులకు క్రమమైన శిక్షణ 1871వ సంవత్సరంలో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో ప్రారంభమయినదని చెబుతారు. ఆ తరువాత చాలాకాలం వరకు శిక్షణ పొందినవారెవరో, పొందనివారెవరో రోగికి తెలిసే మార్గం లేకపోయింది. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న ఆ రోజులలో, 1926లో నర్సులకూ మంత్రసానులకూ సంబంధించిన చట్టం వచ్చింది. తగిన శిక్షణ పొందినవారి పేర్లు ఒక రిజిస్టరులో ఎక్కించడం ఆ చట్టంతో ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే భారత నర్సింగు కౌన్సిలు చట్టం వచ్చి, దేశమంతటా శిక్షణకు ఒక ప్రమాణాన్ని నెలకొల్పింది. ఆ పాత చట్టం స్థానంలో నిలిపేందుకు 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది.

వీటన్నిటి ముఖ్యోద్దేశం ఒక్కటే. శిక్షణ లేని చేతులనుండి రోగిని కాపాడడం. రిజిస్టరులో పేరున్నదంటే, ఈమెను రోగి వద్దకు పంపవచ్చును, ఈమె వల్ల ప్రమాదం ఉండదు అని ప్రభుత్వం ఇచ్చిన హామీ. అది గడప వంటిది. గడప దాటనిదే ఇంటిలోకి ప్రవేశం లేదు. కాని గడపే ఇల్లు కాదు.

ఈ సంగతిని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. 1943లో నియమితమయి 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘం, దేశంలో సుమారు 43,000 మంది జనానికి ఒక్క నర్సు మాత్రమే ఉన్నదని లెక్క తేల్చింది. ఆ 1946లోనే ఢిల్లీలోని నర్సింగు కళాశాలలోను, మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు చేరువనున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను నర్సింగులో బి.ఎస్‌సి. పట్టం ప్రారంభమయినది. నర్సుల సంఖ్య అంత తక్కువగా ఉన్నప్పుడు కూడా, సంఖ్య ఒక్కటే చాలదు, విశ్వవిద్యాలయ స్థాయి విద్య కావలెనని కొందరు పట్టుబట్టారన్నమాట. స్వతంత్ర భారతపు మొదటి ఆరోగ్యశాఖామంత్రిణి రాజకుమారి అమృతకౌర్ పేరు తరువాత ఆ ఢిల్లీ కళాశాలకే పెట్టారు. 1959లో అక్కడనే నర్సింగులో స్నాతకోత్తర విద్య కూడా ఆరంభమయినది.

ఇక, ఈ పైచదువు రోగికి ఏమి ఉపకరిస్తుంది? తండ్రిగారి ప్రశ్నలోని అసలు బరువు ఇక్కడ ఉన్నది. దీనికి పుస్తకంలోని జవాబు చెప్పేముందు, నేను కళ్లారా చూచిన ఒక సంగతి మనవి చేస్తాను.

మా అమ్మగారికి మూత్రపిండాలు చెడి, కొంతకాలం వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించవలసి వచ్చింది. ఒక్కొక్కసారి నాలుగు గంటలు పట్టేది. నేను ప్రక్కన కూర్చొని ఏదో పత్రిక చదువుతూ ఉండేవాడిని. ఒకనాడు మూడవ గంటలో అమ్మ ఆవులించింది. కొద్దిసేపటికి మళ్లీ ఆవులించింది. పాపం, అలసిపోయింది, నిద్ర వస్తున్నదనుకొని దుప్పటి సర్దాను. నాలుగు మంచాల అవతల మరొక రోగి వద్ద ఉన్న నర్సు అది చూచి గబగబా వచ్చింది. "అమ్మకు నిద్ర కాదండీ, రక్తపోటు దిగిపోతున్నది" అన్నది. ఇంకా రక్తపోటు కొలవనేలేదు. యంత్రం ఒంటినుండి నీరు తీయడాన్ని ముందు ఆపింది. మంచం తలవైపు దించింది. సెలైన్ ఎక్కించింది. ఆ తరువాత కొలిస్తే రక్తపోటు నిజంగానే బాగా పడిపోయి ఉన్నది. పది నిమిషాలలో అమ్మ తేరుకొని, "ఏమిట్రా, ఏమయింది?" అని నన్ను అడిగింది.

ఆవులింత రక్తపోటు పతనానికి తొలి సూచన కావచ్చునని నాకు ఎట్లా తెలుస్తుంది? విచారించగా, ఆమె రిజిస్టరు అయిన తరువాత మూత్రపిండ వ్యాధుల నర్సింగులో ఒక సంవత్సరం ప్రత్యేక శిక్షణ పొందినదని తెలిసింది. ఆ సంవత్సరంలో ఆమె నేర్చినది యంత్రం నడపడం మాత్రమే కాదు, యంత్రానికి కట్టుబడి ఉన్న మనిషి ముఖం చదవడం. పైచదువు రోగికి ఏమి ఇస్తుందని ఎవరైనా అడిగితే, నాకు ఆనాటి ఆవులింతే జ్ఞాపకం వస్తుంది.

ఇది ఒక్క మనిషి అనుభవం కదా అని మీరనవచ్చు. లెక్కలు కూడా అటువైపే చూపుతున్నవి. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద పరిశోధన ప్రకటితమయినది. యూరపులోని 9 దేశాలలో 300 ఆస్పత్రులు, సాధారణ శస్త్రచికిత్సలు జరిగిన 4,22,730 మంది రోగులు అందులో పరిశీలనకు వచ్చారు. ఒక ఆస్పత్రి నర్సులలో పట్టభద్రుల పాలు నూటికి పది హెచ్చినచోట, రోగులు ముప్పయి దినాలలోపల మరణించే అవకాశం నూటికి ఏడు వంతులు తక్కువగా కనిపించింది. ఒక్కొక్క నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినచోట, ఆ అవకాశం నూటికి ఏడు వంతులు హెచ్చింది. అనగా నర్సులు చాలినంతమంది ఉండవలె, వారు చదువుకున్నవారై ఉండవలె. ఈ రెండింటిలో ఒకటి రెండవదానికి బదులు కాదు.

కాబట్టి ఇప్పుడు, ఉత్తరం వ్రాసిన సోదరికి ముందున్న దారులేవో క్రమంగా చూద్దాం.

మొదటి దారి పొట్టిది. ఒక సంవత్సరపు ప్రత్యేక డిప్లొమా. డిప్లొమా నర్సయినా, బి.ఎస్‌సి. నర్సయినా, రిజిస్టరయి కొంత అనుభవం గడించిన తరువాత దీనిలో చేరవచ్చు. తీవ్ర రోగుల సంరక్షణ, అప్పుడే పుట్టిన శిశువుల సంరక్షణ, శస్త్రచికిత్స గది, హృద్రోగాలు, క్యాన్సరు, మూత్రపిండ వ్యాధులు, మెదడు నరముల వ్యాధులు, ఎముకల వ్యాధులు, మానసిక వ్యాధులు, కాలిన గాయాలు, వృద్ధుల సంరక్షణ, అత్యవసర వైద్యం — ఈ విధంగా దీనికి అనేక శాఖలు ఉన్నవి. ఇంటి పరిస్థితులవల్ల ఎక్కువకాలం ఉద్యోగం వదలలేనివారికి, చేస్తున్న పనిలోనే చేయి తిరగవలెనని కోరేవారికి ఇది తగిన దారి. దీనిని చిన్నచూపు చూడవద్దు. మా అమ్మ ఆవులింతను కనిపెట్టిన నర్సు చదివినది ఇదే.

రెండవ దారి పొడుగైనది. డిప్లొమా చదివినవారు ముందుగా పోస్ట్ బేసిక్ బి.ఎస్‌సి. అనే రెండేండ్ల చదువు చదవవలసి ఉంటుంది. ఆ పిమ్మట ఎమ్.ఎస్‌సి. నర్సింగు మరి రెండేండ్లు. అనగా ఉత్తరం వ్రాసిన సోదరికి ఈ దారిలో నాలుగేండ్ల చదువు ముందున్నది. ఇంటరు తరువాత నేరుగా నాలుగేండ్ల బి.ఎస్‌సి. చదివినవారికి రెండేండ్లే. ఎమ్.ఎస్‌సి.లో చేరడానికి రిజిస్టరులో పేరుండవలె. క్రింది పట్టంలో మొత్తం మీద నూటికి 55 మార్కులు, ఒక సంవత్సరం పని అనుభవం ఉండవలెనన్నది కౌన్సిలు పెట్టిన నియమం. షెడ్యూల్డు కులాల, తెగల అభ్యర్థులకు మార్కులలో సడలింపు కలదు. నియమాలు మారుతుంటవి కాబట్టి, చేరే సంవత్సరపు ప్రకటన చూచుకొనడం అవసరం.

ఆ అనుభవ నియమాన్ని కొందరు అడ్డంకి అనుకుంటారు. నాకు అది మేలైన నియమమనిపిస్తుంది. ఒక సంవత్సరం రాత్రి డ్యూటీలు చేసిన తరువాతనే ఏ రోగి వద్ద మన మనసు నిలుస్తుందో, ఏ వార్డుకు పోవాలంటే కాళ్లు వెనుకాడుతవో తెలుస్తుంది.

ఎమ్.ఎస్‌సి.లో ముఖ్యంగా అయిదు శాఖలున్నవి. మొదటిది మెడికల్ సర్జికల్ నర్సింగు, అనగా పెద్దల వైద్య శస్త్రచికిత్సల శాఖ. ఇందులోనే హృదయం, క్యాన్సరు, మెదడు, మూత్రపిండాలు, ఎముకలు, తీవ్ర సంరక్షణ మొదలైన ఉపశాఖలు చీలుతవి. వెంటిలేటరు మీద ఉన్న రోగి మాట్లాడలేడు. గొట్టం నొప్పి చేస్తున్నదో, ఊపిరి అందడం లేదో, భయపడుతున్నాడో అతని కళ్లనుబట్టి, నాడినిబట్టి, యంత్రం చూపే గీతలనుబట్టి గ్రహించేది నర్సు. వైద్యుడు వచ్చి చూచి వెళ్తాడు. ఇరవైనాలుగు గంటలూ అక్కడ ఉండేది ఆమె.

రెండవది శిశు ఆరోగ్య శాఖ. నెలలు నిండక పుట్టిన బిడ్డ అరచేతిలో ఇమిడిపోతుంది. ఆ బిడ్డకు ఇచ్చే మందు చుక్కలలో లెక్క. ఒక దశాంశ బిందువు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డను తల్లి ఎదపై ఒంటికి ఒళ్లు తగిలేట్లు పడుకోబెట్టి వెచ్చదనం ఇప్పించడం, పాలు పట్టించడం, బెదిరిన తల్లికి ధైర్యం చెప్పడం — ఇవన్నీ ఈ శాఖలోని విద్య.

మూడవది ప్రసూతి, స్త్రీరోగాల శాఖ. దీని అవసరాన్ని మన ఇండ్లలో ఎవరికీ వివరించనక్కరలేదు. కాన్పు ఎక్కువ భాగం సహజంగా జరిగేదే. ఎప్పుడు వేచి ఉండవలెనో, ఎప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా వైద్యుని పిలువవలెనో తెలిసిన మనిషి ప్రక్కన ఉండడమే అక్కడ ప్రధానం. కాన్పు తరువాత రక్తస్రావం మొదలయితే నిమిషాల మీద నిర్ణయం తీసుకోవలసి వస్తుంది.

నాలుగవది మానసిక ఆరోగ్య శాఖ. దీనిని కోరి తీసుకునేవారు తక్కువ. "పిచ్చాసుపత్రిలో పనా?" అని బంధువులు ముక్కున వేలు వేసుకుంటారు. కాని బెంగుళూరులో 1954లో ఏర్పడి, 1974లో నిమ్హాన్స్‌గా మారిన సంస్థలో మానసిక నర్సింగుకు ప్రత్యేక శిక్షణ 1956లోనే ప్రారంభమయినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక ఆరోగ్య నర్సును పేరుపెట్టి పేర్కొన్నది. మందులు వ్రాసేది వైద్యుడయినా, రోగి మౌనం ఎందుకు దీర్ఘమయినదో, నిన్నటికీ నేటికీ అతని మాటలో తేడా ఏమిటో గమనించేది నర్సు. మద్యానికి బానిస అయినవారు, కాన్పు తరువాత దిగులుతో క్రుంగిన తల్లులు, పరీక్షల భయంతో నిద్రలేని విద్యార్థులు — వీరంతా ఈ శాఖవారి కోసం ఎదురుచూస్తున్నారు.

అయిదవది సామాజిక ఆరోగ్య శాఖ. ఇక్కడ మంచం ఉండదు, వార్డు ఉండదు, ఊరే వార్డు. మధుమేహం, రక్తపోటు, క్షయ, పోషకాహార లోపం — వీటిని ఆస్పత్రి దాకా రానీయకుండా ఇంటిదగ్గరే పట్టుకొనడం ఈ శాఖ లక్ష్యం. 2018లో ఆయుష్మాన్ భారత్ పథకం మొదలయిన తరువాత, ఉపకేంద్రాలలో సామాజిక ఆరోగ్య అధికారులుగా నర్సులను నియమిస్తున్నారు. ఊరిలో ప్రజలు మొదట తలుపు తట్టేది వారిదే.

మూడవ దారి క్రొత్తది. నర్స్ ప్రాక్టీషనర్ అనే పేరుతో పిలుస్తున్నారు. అమెరికాలో 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలసి దీనికి పునాది వేశారు. చదువుకున్న నర్సు రోగిని స్వయంగా పరీక్షించి, నిర్ణయించిన హద్దులలో చికిత్స నడుపుతుంది. మనదేశంలో భారత నర్సింగు కౌన్సిలు తీవ్ర సంరక్షణలో రెండేండ్ల స్నాతకోత్తర శిక్షణను రూపొందించింది. బి.ఎస్‌సి. చదివి అనుభవం ఉన్నవారు దీనికి అర్హులు. తరగతి గదికన్న ఐ.సి.యు.లోనే ఎక్కువ కాలం గడపవలసిన చదువు ఇది. మిడ్‌వైఫరీలో పదునెనిమిది నెలల శిక్షణ ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం 2017లో హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యూనిసెఫ్‌ల సహకారంతో కరీంనగరులో ఈ శిక్షణను మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలను ప్రకటించింది. ఇది మనవారు ముందడుగు వేసిన విషయం కాబట్టి సంతోషంతో చెబుతున్నాను.

ఎమ్.ఎస్‌సి. తరువాత పరిశోధన చేసి పిహెచ్.డి. పొందే అవకాశం కూడా కలదు. పుండు పడకుండా రోగిని ఎన్ని గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలె, నొప్పిని ఎట్లా కొలవవలె వంటి ప్రశ్నలకు జవాబు వెదకవలసినవారు నర్సులే.

ఎక్కడ చదవవలె? ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలు ఉన్నవి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలోను, హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలోను నర్సింగు కళాశాలలున్నవి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, చండీగఢ్ స్నాతకోత్తర వైద్య సంస్థ, పుదుచ్చేరిలోని జిప్‌మర్, వెల్లూరు, బెంగుళూరు నిమ్హాన్స్ వంటివి ప్రవేశానికి పోటీ ఎక్కువగా ఉన్న చోట్లు.

కళాశాల ఎంచుకునేటప్పుడు భవనం చూచి మోసపోవద్దు. మూడు సంగతులు అడగండి. కళాశాలకు అనుమతి, విశ్వవిద్యాలయ గుర్తింపు ఈ సంవత్సరానికి ఉన్నవా? నేర్చుకోవడానికి అనుబంధ ఆస్పత్రిలో మీ శాఖకు చెందిన రోగులు చాలినంతమంది ఉన్నారా? బోధించేవారు ఆ శాఖలో పనిచేసినవారేనా? "మీరు రోజూ రానక్కరలేదు, పరీక్షకు వస్తే చాలును" అని చెప్పే చోటికి పోవద్దు. రానక్కరలేదంటే నేర్వనక్కరలేదని అర్థం. నేర్వనివారి చేతిలో పట్టం ఉంటే, దాని ఫలితం అనుభవించేది రోగి.

విదేశాలకు పోవాలనుకొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవలె. పైచదువు అక్కడ గౌరవాన్ని తేవచ్చు. కాని ఆ దేశపు రిజిస్టరులో పేరు చేరడం వేరే పని. అమెరికాలో నర్సుగా పనిచేయడానికి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష నెగ్గవలసిందే. ఇక్కడి ఎమ్.ఎస్‌సి. దానికి బదులు కాదు.

ఇంతవరకు దారులు చెప్పాను. ఇక ఈ దారులు ఎటు చేరుస్తున్నవో కూడా చెప్పకపోతే నా ప్రసంగం సగమే అవుతుంది.

ఎమ్.ఎస్‌సి. చదివినవారిలో అధికసంఖ్యాకులు నేడు కళాశాలలలో ఉపాధ్యాయులవుతున్నారు. బోధించేవారు కావలసిందే, వారు లేకపోతే రేపటి నర్సులు లేరు. కాని వైద్యుడు పైచదువు చదివితే రోగికి మరింత దగ్గరవుతున్నాడు. హృద్రోగ నిపుణుడు హృద్రోగులనే చూస్తాడు. నర్సు పైచదువు చదివితే మాత్రం రోగి మంచానికి దూరమవుతున్నది. వార్డులో ఉండిపోయిన నిపుణురాలికి తగిన పదవి, తగిన జీతం చాలాచోట్ల లేకపోవడమే దీనికి కారణం.

మా అమ్మను కాపాడిన నర్సు సంగతే వినండి. ఆరు నెలల తరువాత ఒకనాడు ఆ డయాలిసిస్ విభాగంలో ఆమె కనిపించలేదు. విచారిస్తే, వంతులవారీ బదిలీలో కంటి వార్డుకు పంపారని చెప్పారు. వెళ్లి పలకరించాను. రోగుల కళ్లలో చుక్కల మందు వేస్తున్నది. "ఏమమ్మా, ఇక్కడికి వచ్చావు?" అంటే నవ్వి, "ఎక్కడ వేస్తే అక్కడ పనిచేయాలి కదండీ. అమ్మ ఎట్లా ఉన్నారు?" అని అడిగింది. ఆమె స్వరంలో ఫిర్యాదు లేదు. ఆ ఫిర్యాదు నాకు ఉన్నది. ఒక సంవత్సరం చదివి సంపాదించిన ఆ చూపు, మూత్రపిండ రోగుల ప్రక్కన ఉండవలసిన చూపు, అక్కడ వృథాగా పోతున్నది. కంటి రోగికి కూడా దాని వలన ప్రత్యేక లాభం లేదు.

ఆస్పత్రులు నడిపేవారికి నా విన్నపం ఇది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సును ఆ శాఖలోనే నిలపండి. వార్డులోనే పైమెట్టు ఎక్కే అవకాశం కల్పించండి. ఆమె చదువుకు మంచి జీతం ఇవ్వడం దయ కాదు. రోగి ప్రాణానికి వేసిన కాపలా ఖర్చు.

చివరగా తల్లిదండ్రులతోను, అత్తమామలతోను రెండు మాటలు. మీ భయాలు నాకు తెలుసు. ఆమె జీతం ఆగిపోతే ఇల్లు గడవడం ఎట్లా? పెండ్లి ఆలస్యమవుతుందేమో? పెండ్లయిన పిల్ల అయితే, బిడ్డను ఎవరు చూస్తారు? ఇవి ఊరికే త్రోసిపుచ్చదగిన ప్రశ్నలు కావు. అందుకనే ముందు లెక్క వేసుకోండి. ప్రభుత్వోద్యోగంలో ఉన్నవారు ఉద్యోగంలో ఉంటూనే చదువుకు వెళ్లే వీలు, చదువు సెలవు, ఆ కాలపు జీతం విషయం తమ శాఖలో ముందుగా విచారించవలె. ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నవారు, తిరిగి వచ్చి పనిచేస్తామని ఒప్పందం మీద సహాయం అడిగి చూడవచ్చు. ఒకేసారి నాలుగేండ్లు వీలుకాకపోతే, ముందు ఒక సంవత్సరపు డిప్లొమా చదివి, కొన్నేండ్లు పనిచేసి, తరువాత పట్టానికి పోవచ్చు. ఈ చదువుకు వయస్సు పెరగడం దోషం కాదు. అనుభవం దీనికి బలం.

కాని లెక్కలో ఒక పద్దు మరువకండి. రేపు మనలో ఎవరికి ఏ జబ్బు వస్తుందో తెలియదు. ఏ అర్ధరాత్రో మన మంచం ప్రక్కన నిలబడేది ఎవరి కూతురో అయి ఉంటుంది. ఆమె బాగా చదువుకున్నదై ఉండాలని ఆ రాత్రి మనం తప్పక కోరుకుంటాం. ఇతరుల కూతురు చదివి ఉండాలని కోరేవారం, మన కూతురు చదువుతానంటే కాదనడం న్యాయం కాదు.

ఉత్తరం వ్రాసిన సోదరికి నా సలహా. ఏ శాఖకు డిమాండు ఉన్నదని మొదట అడగవద్దు. ఈ రెండేండ్లలో డ్యూటీ ముగిసి ఇంటికి వెళ్లిన తరువాత కూడా ఏ రోగి నీ మనస్సులో మెదిలాడో జ్ఞాపకం చేసుకో. నెలలు నిండని బిడ్డా? ఊపిరాడని వృద్ధుడా? ఎవరితోను మాట్లాడక గోడవైపు తిరిగి పడుకున్న స్త్రీయా? నీ శాఖ ఏదో అక్కడ తెలుస్తుంది. తరువాత దారి వెదకడం కష్టం కాదు.

తండ్రిగారికి నా మనవి. సూది వేయడానికి ఇంకెంత చదువు కావాలని అడిగారు. సూది వేయడానికి మీ అమ్మాయి చదివినది చాలును. సూది వేయవలసిన అవసరం రాకముందే ప్రమాదాన్ని పసిగట్టడానికి చాలదు. ఆమె అడుగుతున్నది ఆ చదువు. అనుమతించండి.